వేసవి బిల్లు – ఇంటికప్పు

మఠంపల్లి ప్రాంతపు రైతునకు ఎండను గుఱించి క్రొత్తగా చెప్పవలసినది లేదు. కృష్ణ ఆవలియొడ్డున పలనాటి రెంటచింతల పేరు ప్రతి వేసవియందును పత్రికలకెక్కుచుండును. ఆ యెండయే నదిని దాటి మన సున్నపురాతి గుట్టలమీదను, సిమెంటు కార్ఖానాల చెంతనున్న యూళ్ళమీదను కాయుచున్నది. 2015వ సంవత్సరము మే నెలలో వడగాలులు వీచినప్పుడు తెలంగాణములో ఎక్కువ ప్రాణనష్టము పొందినది నాటి నల్లగొండ జిల్లాయే. 2016 అక్టోబరు 11వ తేదీన మనము సూర్యాపేట జిల్లాలో చేరితిమి గాని, యెండ మాత్రము జిల్లా మాఱలేదు.

సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులు సాధారణముగా ఎరువులను గుఱించియు, పంటఋణములను గుఱించియు అడుగుదురు. ఇటీవలి వేసవులలో వేఱొక ప్రశ్న వినవచ్చుచున్నది. "ఏ.సీ. కొనవలెనని యింటివారు పట్టుబట్టుచున్నారు, అప్పు దొరకునా?" అని కొందఱు; "కప్పుమీద సోలారు పలకలు పెట్టించినచో గిట్టుబాటగునా?" అని మఱికొందఱు. రెండును న్యాయమైన ప్రశ్నలే. కాని ఎద్దును కొనబోవు రైతు దాని ధరను మాత్రమే అడిగి వచ్చునా? మేత యెంత తినునో, పని యెంత చేయునో కూడ విచారించును. ఇంటిలోని యంత్రముల విషయములో మనమీ విచారణ చేయుటలేదు. అంగడిలో ధర బేరమాడుదుము. నెలనెలకును అది తిను కరెంటును బేరమాడము. అందుచేత ఈ నెల మేము లెక్కను వ్రాయదలచితిమి. చదువరులు తమ మే నెల బిల్లును చేత బట్టుకొని చదివిన మఱింత ప్రయోజనముండును.

మొదట తెలిసికొనవలసినది 200 యూనిట్ల గట్టు. 2022 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చిన గృహవిద్యుత్తు ధరల పట్టిక ననుసరించి, నెలకు 100 యూనిట్లు దాటి 200 యూనిట్ల లోపల వాడిన యింటికి తొలి 100 యూనిట్లకు యూనిటుకు 3 రూపాయల 40 పైసలు, తరువాతి 100కు 4 రూపాయల 80 పైసలు. సరిగా 200 యూనిట్లు వాడినచో కరెంటు ఖరీదు 820 రూపాయలగును. మఱియొక్క యూనిటు కాలినదనుకొందము. అప్పుడు ఆ యొక్క యూనిటునకే హెచ్చు ధర కట్టిన సరిపోదు. మొదటి యూనిటు మొదలుకొని ధర మాఱును. 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల చొప్పునను, ఆపైదానికి 7 రూపాయల 70 పైసల చొప్పునను లెక్కగట్టి 1,027 రూపాయల 70 పైసలు వేయుదురు. అనగా ఆ యొక్క యూనిటు వెల 207 రూపాయల 70 పైసలు! వడ్డీవ్యాపారి కూడ ఇంత మిత్తి పట్టడు. (ఇందును, ఈ క్రింది లెక్కలలోను కరెంటు ఖరీదునే చూపితిమి, స్థిరరుసుము మొదలైనవి వేఱు.)

ఆహారభద్రత కార్డు గల కుటుంబములకు ఈ గట్టు మఱింత యెత్తైనది. 2024 మార్చి నుండి వచ్చిన గృహజ్యోతి పథకము ననుసరించి, నెలకు 200 యూనిట్లలోపు వాడిన వారికి బిల్లు సున్న. గట్టు దాటిన నెలలో మాత్రము మొత్తమంతయు కట్టవలెను. మన సభ్యులలో ఈ పథకము క్రిందనున్నవారు తమ బిల్లులను వరుసగా పెట్టి చూచుకొందురు గాక! చలికాలమంతయు సున్నలు; వేసవి మూడు నాలుగు నెలలు మాత్రము వేలలో నుండును. ఏడాదిలో తొమ్మిది నెలలు దాచినది వేసవిలో జాఱిపోవుచున్నదన్నమాట.

ఇప్పుడొక సామాన్యమైన యింటిని తీసికొందము. మూడు గదుల స్లాబు ఇల్లు, 600 చదరపు అడుగుల కప్పు. అందు మూడు పాతరకపు పంకాలు, ఒక్కొక్కటి 75 వాట్లది. వేసవిలో రోజునకు 16 గంటలు తిరుగును. ఒక్క పంకా నెలకు 36 యూనిట్లు తినును. మూడును కలిసి 108. ఫ్రిజ్‌కు 45, కూలర్ 180 వాట్లది రోజుకు 12 గంటలు వేసిన 65, నీళ్ళ మోటారుకు 11, టీవీకి 10, దీపములకు 8. మొత్తము 247 యూనిట్లు. దీని ఖరీదు 1,381 రూపాయల 90 పైసలు.

ఈ పట్టికను చూచినవారికి ఆశ్చర్యము గొలుపునది పంకాల వాటాయే. కూలర్‌ను, ఫ్రిజ్‌ను అందఱును అనుమానింతురు. తలపై దిరుగు పంకాను ఎవరును అనుమానింపరు. నేడు బి.ఎల్.డి.సి. అను క్రొత్తరకపు మోటారు గల పంకాలు 30 వాట్లతో అంతే గాలి నిచ్చుచున్నవి. 2023 జనవరి 1వ తేదీ నుండి కప్పుపంకాలకు నక్షత్రముల గుర్తు తప్పనిసరియైనది గనుక, ఎక్కువ నక్షత్రములున్నదానిని చూచి కొనుట సులభమైనది. అట్టి పంకా 16 గంటలు తిరిగినను నెలకు 14 యూనిట్లకంటె కొంచెము మాత్రమే హెచ్చగును. మూడింటికి 43 అనుకొన్న, 65 యూనిట్లు మిగులును. 247 కాస్త 182 అగును. ఇల్లు గట్టునకు ఈవలకు వచ్చినది. కార్డు లేని యింటికి ఖరీదు 733 రూపాయల 60 పైసలకు దిగి, నెలకు సుమారు 648 రూపాయలు మిగులును. కార్డు గల యింటికి 1,381 రూపాయల 90 పైసలును మిగులును. మూడు పంకాలకు 9,000 రూపాయలు పెట్టితిరనుకొందము. వేసవికి నాలుగు నెలల చొప్పున కార్డు గలవారికి రెండు వేసవులలో పెట్టుబడి తిరిగి వచ్చును. లేనివారికి నాలుగవ వేసవిలో. అంగడివాడు పాత పంకాకు ఇచ్చు నూఱో రెండు నూఱులో మేము లెక్కలో చేర్చలేదు. ఆ పంకాను గొడ్లకొట్టములో బిగించి, పొదుపైన కరెంటును అక్కడ కాల్చుకొనువారును గలరు. ఆ మాట చెప్పకుండ నుండలేము.

పంకాల విషయ మట్లుండగా, అసలైన కథ కప్పుది. పంకా గాలిని త్రిప్పును గాని చల్లబఱచదు. కప్పు నిప్పువలె నున్నప్పుడు ఎంత మంచి పంకాయైనను నిప్పుగాలినే క్రిందికి త్రోయును. మన పెద్దల పెంకుటిండ్లలో పెంకుల సందులనుండి వేడి బయటికి పోయెడిది. మట్టిమిద్దెల దళసరి వలన వేడి లోనికి దిగుటకు చాల ప్రొద్దుపట్టెడిది. నాగార్జునసాగరు ఎడమకాలువ నీరు వచ్చి రెండు పంటలు పండి నాలుగు రూకలు కూడిన పిమ్మట, కార్ఖానాలు మన ముంగిటనే వెలసి సిమెంటు చేరువైన పిమ్మట, ఊరూర స్లాబులు పడినవి. వానకు కురియవు, ఎలుక పట్టదు, పైన మిరపకాయలు ఎండబోసుకొనవచ్చును. ఇవన్నియు మంచివే. మేమును పెంకులు దింపి స్లాబు వేసికొన్నవారమే; దానిని నిందించుటకు మాకు నోరు లేదు. కాని స్లాబు పగలెల్ల తిన్న యెండను రాత్రి యెల్ల క్రక్కుచుండును. రాత్రి పది గంటలకు మంచముపై నిలిచి స్లాబును చేతితో తాకి చూచినవారికి ఈ సంగతి బోధపడగలదు.

ఎండ బలమెంతయో యొక పోలికతో చెప్పెదము. నడివేసవి మిట్టమధ్యాహ్నము ఒక చదరపు మీటరు కప్పుపై పడు సూర్యతేజము సుమారు 1,000 వాట్లుండును. బట్టలకు వాడు ఇస్త్రీపెట్టె యొకటి అంతే. 600 చదరపు అడుగులనగా 56 చదరపు మీటర్లు. కావున ఆ వేళ మన కప్పుపై 56 ఇస్త్రీపెట్టెలు వేడెక్కి కూర్చున్నట్లే. పాతబడి నల్లబాఱిన సిమెంటు కప్పు అందులో నాల్గవవంతో, కొంచె మెక్కువయో మాత్రమే వెనుకకు కొట్టును. సుమారు 40 పెట్టెల వేడిని తానే మ్రింగును. క్రొత్తగా సున్నము వేసిన తెల్లని కప్పు ముప్పాతిక భాగమును ఆకాశమునకే తిప్పికొట్టును. మ్రింగునది 14 పెట్టెలంత. మ్రింగినదంతయు ఇంటిలోనికే రాదు, గాలికి కొంత పోవును. అయినను తేడా తేడాయే. ఇంటిలోపల వేడిమి రెండు మొదలు నాలుగైదు డిగ్రీలవఱకు తగ్గునని పలుచోట్ల చూచిరి.

ఇది ఊరక చెప్పు మాట కాదు. హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. విద్వాంసులును, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవారును కలిసి హైదరాబాదులోనే యొక వ్యాపారభవనపు కప్పులపై పరీక్ష చేసి, 2012లో ఫలితములు ప్రకటించిరి. మామూలు సిమెంటు కప్పుకు తెల్లపూత వేయగా, చల్లబఱచుటకగు కరెంటు నూటికి 10 మొదలు 19 వంతులు తగ్గినది. కప్పు చదరపు మీటరు ఒకటికి ఏడాదిలో 13, 14 యూనిట్లు మిగిలినవి. ఆ భవనము దినమెల్ల ఏ.సీ.లు నడచు భవనము; మన యిండ్లకు ఆ యంకెలను నేరుగా అన్వయింపరాదు. అయినను ఎండ యొక్కటే, సిమెంటు నొక్కటే. 2017లో అహమ్మదాబాదు నగరమున బీదల యిండ్ల కప్పులకు తెల్లసున్నము వేయించు పని చేపట్టిరి. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిల్‌లో అయిదేండ్లకు చల్లని కప్పుల విధానము నొకటి ప్రకటించినది. చిన్న యిండ్లకు అది నిర్బంధము గాదు, ఇష్టము మీదిది.

ఆ విధానమును ప్రకటించినప్పుడు చదరపు మీటరుకు 300 రూపాయలలో పని యగునని చెప్పిరి. ఆ లెక్కన మన 56 మీటర్ల కప్పుకు 16,800 రూపాయలు. డబ్బాలలో వచ్చు తెల్లరంగులకు ఇంచుమించు అంత కావచ్చును. అవి కొన్నియేండ్లు నిలుచును. కాని సున్నపురాతి గుట్టల నడుమ బ్రతుకుచు డబ్బా రంగుకే ఎదురుచూడనేల? రాతిసున్నము తెచ్చి యింటివారే పూసికొన్నచో ఖర్చు అందులో చిన్నపాలు మాత్రమే యగును. లోపమేమనగా అది ఒక్క వానకాలముతో కరగిపోవును, ఏటేట వేయవలెను. గోడలకు పండుగకు సున్నము వేయు అలవాటు మనకు తాతలనాటిది. ఆ బొక్కెన పట్టుకొని మెట్లెక్కుటయే క్రొత్త.

పద్ధతి కొంచెము వివరముగా వ్రాసెదము. కప్పును చీపురుతో నూడ్చి, నాచును గీకి, కడిగి, పగుళ్ళుండిన సిమెంటుతో పూడ్చవలెను. సున్నపురాయిని ముందునాడే తొట్టిలో నీటబోసి చల్లార్పవలెను. అది బుసబుస పొంగి నీటిని మరగించును గనుక పిల్లలను దగ్గఱకు రానీయరాదు, కంటికి అద్దములు పెట్టుకొనవలెను. మఱునాడు పలుచని గుడ్డలో వడియగట్టి, కొంచెము ఉప్పును, పట్టుకొఱకు నానబెట్టిన తుమ్మజిగురునో, వడ్రంగులు వాడు తెల్లజిగురునో కలుపవలెను. పూయుటకు సాయంకాలము మంచిది. కప్పును నీటితో తడిపి, పలుచగా మొదటి పూత వేసి, అది ఆఱిన పిదప అడ్డముగా రెండవది, కావలసిన మూడవది వేయవలెను. మిట్టయెండలో వేసిన సున్నము తటాలున ఎండి పొడియై లేచిపోవును. ఒకేసారి దళసరిగా పూసినను పెచ్చులూడును. యాసంగి నాట్లు ముగిసి కోతలకు ముందు దొరకు తీరిక, అనగా ఫాల్గుణమాసము, దీనికి తగిన కాలము.

సభ్యులు చెప్పు ఆక్షేపణలు కొన్ని గలవు. మిరపకాయలు, ధాన్యము ఎండబోసినచో సున్నపుపొడి అంటునని యొకటి. నిజమే. పట్టా పఱచి ఎండబోయవలెను. లేక కప్పులో ఒక మూల విడిచి మిగిలిన భాగమునకే పూయవలెను. వానకాలపు మొదటి నీటిని తొట్టిలోనికి పట్టరాదు. సిమెంటు రేకుల కప్పుకు ఉత్త సున్నము సరిగా పట్టదు. తెల్లసిమెంటో, డబ్బారంగో వేయవలెను. రేకులమీద ఎక్కి నడచి కాలు జాఱినవారిని మనమెఱుగుదుము, కావున నిచ్చెనపై నుండియో, అడ్డుపలకలు వేసికొనియో చేయవలెను. గొడ్లకొట్టముపై రేకులున్నవారు దానిని మఱవరాదు. గేదె నల్లని జంతువు, చెమట తక్కువ పోయునది. వడదెబ్బకు మొదట తగ్గునది పాలచెంబే. ఇక సాయంకాలము స్లాబుపై నీళ్ళు చల్లువారును, గడ్డి పఱచువారును గలరు. నీళ్ళకు మోటారు నడుపవలెను. ఎండుగడ్డికి నిప్పు భయము. మేము రెంటిని మెచ్చము.

సున్నము వలన బిల్లులో నెంత తగ్గును? ఇల్లు త్వరగా చల్లబడి కూలర్ 12 గంటలకు మాఱు 8 గంటలు నడచినచో నెలకు 22 యూనిట్లు తగ్గును. అనగా పైన జెప్పిన 247 యూనిట్ల యిల్లు సున్నముతో మాత్రమే 225కు వచ్చును. గట్టు దాటుట తప్పదు. పంకాలను గూడ మార్చినప్పుడు 160కి వచ్చి, అత్తవారింటినుండి అల్లుడు వచ్చి నాలుగు దినములున్నను భయము లేకుండును. కావున సున్న మొక్కటే సర్వరోగనివారిణి యని మేము చెప్పము. కాని కరెంటు పోయిన మధ్యాహ్నము పంకా ఆగును, కూలర్ ఆగును. తెల్లని కప్పు మాత్రము తన పని మానదు. ముసలివారు, బాలెంతలు ఉన్న యింటికి దీని విలువను రూపాయలలో కట్టుట కష్టము.

మా యెఱుకలోని యొక కుటుంబపు సంగతి చెప్పెదము. ఇంటిలో డెబ్బదియేండ్లు దాటిన తల్లి యున్నది. రెండేండ్ల క్రిందటి వేసవిలో ఆమె రెండు దినములు వేడికి సోలిపోగా, కొడుకు కంగారుపడి వాయిదాల మీద టన్నున్నర ఏ.సీ. తెచ్చి బిగించెను. తల్లి కొఱకు చేసిన ఖర్చును తప్పుపట్టుట కెవరికి నోరాడును? అయితే ఆ స్లాబు క్రింద ఆ యంత్రము రాత్రికి 10 యూనిట్లు తినుచుండెను. కూలర్ మానినను నెలకు 482 యూనిట్లయినవి. ధర మెట్లుమెట్లుగా నెక్కును గనుక ఖరీదు 3,469 రూపాయలు. అంతకుముందు చలికాలమున ఆ యింటి బిల్లు సున్న. వాయిదా యొకవైపు, బిల్లు ఒకవైపు. మే నెల చివర విత్తనముల సొమ్మునుండి ఈ బిల్లు కట్టితినని ఆయన మాతో చెప్పినప్పుడు మాకు మాట రాలేదు. మఱుసటి యేడు ఫాల్గుణమున కప్పుకు మూడు పూతల సున్నము వేసెను, పడమటి కిటికీకి తడక కట్టెను, తలుపు క్రింది సందును మూసెను, ఏ.సీ.ని 20 నుండి 26 డిగ్రీలకు పెంచి పంకాను మెల్లగా త్రిప్పెను. గది త్వరగా చల్లబడుటచేత అర్ధరాత్రి దాటిన పిదప దానిని ఆపివేయ గలిగిరి. నెల లెక్క 332 యూనిట్లు, 2,078 రూపాయలు. గట్టు దాటినమాట నిజమే గాని, నెలకు 1,391 రూపాయలు నిలిచినవి, తల్లియు సుఖముగా నిద్రించుచున్నది. ఈసారి పంకాలు మార్చెదనని యనుచున్నాడు. ఒక్క డిగ్రీ పెంచిన నూటికి 6 వంతుల కరెంటు తగ్గునని ఇంధనసామర్థ్య సంస్థవారు చెప్పుచున్నారు. 2020 జనవరి నుండి వచ్చు ఏ.సీ.లు తమంత తాము 24 వద్దనే మొదలగునట్లు చేయించినదియు వారే.

దీపముల గుఱించి పెద్దగా చెప్పనక్కఱ లేదు. 2015లో ఉజాలా పథకము వచ్చిన తరువాత 60 వాట్ల గాజుబుడ్ల స్థానమున 9 వాట్ల ఎల్.ఇ.డి. బుడ్లు ఇంటింట చేరినవి. ఆ పొదుపు మనకు అందియే యున్నది. ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైన మార్పించుకొనవలెను. తలుపు సందున కాగితము పెట్టి లాగిన సులువుగా వచ్చెనా, చల్లదనము బయటికి పోవుచున్నదని గుర్తు.

సోలారు పలకల విషయమున మా యభిప్రాయము కొందఱికి రుచింపకపోవచ్చును. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము క్రింద ఒక కిలోవాటునకు 30,000, రెంటికి 60,000, మూడును ఆపైనను 78,000 రూపాయల కేంద్ర రాయితీ గలదు. కిలోవాటు పలకలు సగటున రోజునకు 4 యూనిట్లిచ్చును. ఏడాది పొడుగున నెలకు 300 యూనిట్లు కాల్చు యింటికి బిల్లు 1,790 రూపాయలు. రెండు కిలోవాట్ల పలకలు 240 యూనిట్లు తీర్చినచో మిగిలిన 60 యూనిట్లకు 128 రూపాయల 50 పైసలు. నెలకు 1,661 రూపాయలు మిగులును. రాయితీ పోగా చేతినుండి 80,000 పెట్టినను నాలుగేండ్లలో తీఱును; పలకలు ఇరువదియేండ్లకు పైగా పనిచేయును. అట్టివారు తప్పక పెట్టించుకొనవలెను. కాని ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు సున్న బిల్లు వచ్చు కుటుంబమునకు ఆ నెలలలో పలకలు పొదుపు చేయుటకు బిల్లే లేదు. అప్పు చేసి పెట్టించి, పొదుపు కానరాక వడ్డీ కట్టుట యేల? అట్టివారికి ముందు పంకాలు, సున్నము. అవి చేసినను గట్టు దాటుచున్నప్పుడు పలకల మాట.

పొలముల మోటార్ల గుఱించి అడుగువారున్నారు. వ్యవసాయపు కరెంటు 2004 నుండి ఉచితమగుటచే అక్కడి పొదుపు మన బిల్లులో కానరాదు; కాని కెపాసిటరు బిగించినచో తీగలపై భారము తగ్గి వోల్టేజి నిలుచును. దానిని గుఱించి వేఱొకసారి వ్రాసెదము.

పంకాలు ఒక్కొక్కరు ఒక్కొక్కటి కొనుటకంటె, ఎరువులు తెప్పించినట్లే పలువురు సభ్యులు కలిసి తెప్పించినచో ధర తగ్గునని మా నమ్మకము. ఎంతమంది చేరుదురో తెలియనిదే వర్తకులతో మాటాడుట కుదరదు. కావున అక్కఱగల సభ్యులు గడచిన ఏప్రిల్, మే, జూను నెలల బిల్లులను, ఇంటిలోని పంకాల లెక్కను సంఘ కార్యాలయమున గుమాస్తాకు చూపి పేరు వ్రాయించుకొనవలెను. బిల్లు పోగొట్టుకొన్నవారు సర్వీసు నంబరు తెచ్చిన చాలును.